‘ఈ లిస్టులో నువ్వెవరు?’ అని అడిగాడు మా ఆయన

పేరు రాయని ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. నాలుగు పేజీలు. కుదించి చెబుతున్నాను.

ఆమెకు 32 ఏళ్లు. పెళ్లయి ఆరేళ్లు, మూడేళ్ల పాప. గాల్ బ్లాడర్‌లో రాళ్లకు ఆపరేషన్ చేయాలన్నారు. దానికి ముందు చేసిన రక్తపరీక్షల్లో హెచ్‌ఐవీ పాజిటివ్ వచ్చింది. వేర్వేరు కిట్లతో మూడుసార్లు చూసి ఖాయం చేశారు. రోగనిరోధక శక్తి ఎంతుందో చూపే సీడీ4 కణాల కౌంటు 310. వారం తర్వాత భర్తకు చేస్తే నెగటివ్.

కౌన్సెలింగ్ గది బయట గోడకు ఒక పోస్టర్ ఉందట. హెచ్‌ఐవీ ముప్పు ఎక్కువున్న వర్గాలంటూ సెక్స్ వర్కర్లు, మగవాళ్లతో సంబంధాలున్న మగవాళ్లు, ట్రాన్స్‌జెండర్లు, సూదితో మత్తుమందు ఎక్కించుకునేవాళ్లు, లారీ డ్రైవర్లు, వలస కూలీలు వరసగా బొమ్మల్లో ఉన్నారు. భర్త దాని ముందు నిలబడి ఒక్కో బొమ్మ మీద వేలు పెడుతూ, "ఈ లిస్టులో నువ్వెవరు?" అని అడిగాడు. ఆమె ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక ఆయన తన లెక్క చెప్పాడు. "పాతదైతే ఈ ఆరేళ్లలో నాకు అంటకుండా ఉంటుందా? అంటలేదంటే నువ్వు ఈమధ్యే ఎక్కడో తెచ్చుకున్నావు." అప్పటినుంచి వేరే గదిలో పడుకుంటున్నాడు. అత్తగారు ఆమెకు వేరే కంచం, వేరే గ్లాసు పెట్టారు.

ఆమె ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. పెళ్లికి ముందు, తనతో పనిచేసే ఒకాయనతో రెండేళ్ల సంబంధం. ఇవి కాక, తొమ్మిదో ఏట ప్రమాదం జరిగితే రక్తం ఎక్కించారు. రెండేళ్ల కిందట జ్వరం వస్తే ఒక చిన్న క్లినిక్‌లో నాలుగు రోజులు సెలైన్, ఇంజెక్షన్లు ఇచ్చారు. గర్భంతో ఉన్నప్పుడు రక్తపరీక్షలు చేశారు గానీ అందులో హెచ్‌ఐవీ పరీక్ష ఉందో లేదో గుర్తు లేదు. ఇల్లు మారినప్పుడు ఆ ఫైలు పోయింది.

ఆమె ప్రశ్నలు: ఇది నాకెలా వచ్చింది? మా ఆయన లెక్క నిజమేనా? పాత సంబంధం గురించి చెప్పాలా, లేక చిన్నప్పుడు ఎక్కించిన రక్తం వల్లే వచ్చిందని చెప్పేసి ఊరుకోనా? మందుల సీసా ఇచ్చారు, మూడు వారాలుగా బీరువాలో బట్టల కింద ఉంది, సీలు కూడా తీయలేదు. మింగితే ఒప్పుకున్నట్టు అనిపిస్తోంది.

*

అమ్మా,

మీరు అడిగిన వరసలో జవాబు చెప్పను. మీ ఉత్తరం చివర, సంతకం ఉండాల్సిన చోట, చిన్న అక్షరాలతో ఒక వాక్యం రాశారు: "పాపకి టెస్టు చేయించాలంటే చేతులు వణుకుతున్నాయి." అక్కడినుంచి మొదలుపెడతాను.

తల్లికి వైరస్ ఉండి, అసలు ఏ మందూ వాడకపోయినా, కడుపులో ఉండగా, కాన్పులో, పాలు తాగే రోజుల్లో అన్నీ కలిపి బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 దాకా ఉంటుంది. అంటే మందన్నదే లేని చోట కూడా సగానికి పైగా పిల్లలు తప్పించుకుంటారు. పైగా ఆ రోజుల్లో మీకు వైరస్ ఉందో లేదో మనకింకా తెలియదు. కాబట్టి పాపకు లేకపోయే అవకాశమే ఎక్కువ. అయితే "చక్కగా తింటోంది, ఆడుకుంటోంది" అన్నదాన్ని మాత్రం టెస్టు కింద లెక్కేసుకోకండి. పుట్టుకతో సోకిన పిల్లల్లో కొందరు చాలా ఏళ్లు మామూలుగానే తిరుగుతారు. పాపకు మూడేళ్లు కాబట్టి పెద్దవాళ్లకు చేసే పరీక్షే సరిపోతుంది. ఏడాదిన్నర లోపు పిల్లలకైతే తల్లి యాంటీబాడీలు ఒంట్లో ఇంకా ఉంటాయి గనక వేరే పరీక్ష కావాలి. ఆ గొడవ మీకు లేదు. ఒకవేళ ఉందని తేలినా, ఇప్పటినుంచే మందు పడితే బడికి వెళ్లి, ఆడి, పెరిగి పెద్దదవుతుంది. ఆలస్యం చేస్తే మాత్రం ఆ నష్టం పాప భరించాలి. మీకు చేతులు వణికితే, మీ వెంట రాగల మనిషి ఒక్కరినైనా వెతుక్కోండి. మీవారైనా సరే. ఆయన మీమీద కోపంగా ఉన్నాడు గానీ పాప మీద కాదు కదా.

రెండోది ఆ సీసా. ఈ జవాబులో మిగతాచోట్లంతా ఇలా చేస్తే ఇలా అవుతుంది అని చెప్పి నిర్ణయం మీకే వదిలేస్తాను. ఇక్కడ మాత్రం గట్టిగానే చెబుతున్నాను. సీలు తీయండి. మందు మొదలుపెట్టడానికి, ఎవరి వల్ల వచ్చిందో తేలడానికి ఏ సంబంధమూ లేదు. పాజిటివ్ అని ఖాయమైన రోజునుంచే, లేదా వారంలోపు మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది రోజుకొక మాత్ర, అందులోనే మూడు మందులు. గాల్ బ్లాడర్ సంగతి, ఇంకేవైనా మందులు వాడుతుంటే అవి, మందు రాసిన డాక్టరుకు ముందే చెప్పండి. మూడు వారాలు పోయాయి, పోనివ్వండి. ఆ మాత్ర మింగడం నేరం ఒప్పుకోవడం ఎలా అవుతుంది? షుగర్ మాత్ర మింగేవాళ్లు ఏం ఒప్పుకుంటున్నారు?

ఇక మీవారి లెక్క. వినడానికి ఎంత సరిగ్గా ఉందో, అంత తప్పు. ఆ మాట ఆయనకు చూపించి చెప్పగలిగేలా అంకెలతో రాస్తాను.

హెచ్‌ఐవీ తేలిగ్గా అంటుకునే వైరస్ కాదు. జలుబులాంటిదైతే ఇల్లంతా వారంలో పడకేస్తుంది. ఇది అలా కాదు. మందు వాడని స్త్రీ నుంచి పురుషుడికి మామూలు లైంగిక కలయికలో సోకే అవకాశం, పరిశోధకులు వేసిన సగటు ప్రకారం, పదివేల సార్లకు నాలుగు. పురుషుడి నుంచి స్త్రీకి పదివేలకు ఎనిమిది, అంటే దానికి రెట్టింపు. మీ ఇద్దరి మధ్య ఈ ఆరేళ్లలో అయిదు వందల సార్లు అనుకుందాం. లెక్క కడితే మొత్తం మీద ఆయనకు సోకే అవకాశం నూటికి 18 దగ్గర తేలుతుంది. అంటే మీకు పెళ్లినాటికే వైరస్ ఉందనుకున్నా, ఆయన ఇవాళ నెగటివ్‌గా ఉండే అవకాశం నూటికి 80కి పైనే. ఇవి సగటు అంకెలు. ఒంట్లో వైరస్ ఎంత ఉంది, ఇతర సుఖవ్యాధులున్నాయా, మగవాళ్లకు సున్తీ అయ్యిందా, కండోమ్ వాడారా అన్నదాన్నిబట్టి మారతాయి. కొత్తగా సోకిన మొదటి కొన్ని వారాల్లో రక్తంలో వైరస్ విపరీతంగా ఉంటుంది కాబట్టి అప్పుడు ముప్పు చాలా ఎక్కువ. ఆ దశ దాటి ఏళ్లు గడిచిన మనిషి నుంచి సోకడం అంత కంటే తక్కువ. కాబట్టి మీవారికి రాకపోవడాన్నిబట్టి మీది కొత్తదని తేల్చలేం. అసలు ఏదైనా తేల్చాలంటే అది రెండో వైపే మొగ్గుతుంది.

ఇదేమీ మీ ఒక్క ఇంట్లో జరిగిన వింత కాదు. ఆఫ్రికాలోని పలు దేశాల సర్వేల్లో, ఇద్దరిలో ఎవరో ఒకరికైనా హెచ్‌ఐవీ ఉన్న జంటలను తీసుకుంటే, సుమారు సగం జంటల్లో ఒక్కరికే ఉంది. ఆ ఒక్కరు ఎప్పుడూ మగవాడే అనుకున్నారు చాలాకాలం. లెక్క తీస్తే దాదాపు సగం జంటల్లో ఆ ఒక్కరు భార్య.

మీ సీడీ4 సంగతీ చెప్పాలి. ఆరోగ్యవంతులకు మామూలుగా 500 పైన ఉంటుంది. మందు లేకుండా ఉంటే వైరస్ సోకిన దగ్గర్నుంచి అది మెల్లమెల్లగా పడిపోతూ, సగటున ఎనిమిది పదేళ్లకు ఎయిడ్స్ దశకు, అంటే 200 కిందికి చేరుతుంది. 310 అంటే కొన్నేళ్ల నాటిదై ఉండొచ్చన్న సూచన. సూచన అనే అంటున్నాను, సాక్ష్యం అనడం లేదు. కొందరిలో చాలా వేగంగా పడిపోతుంది, కొత్తగా సోకినప్పుడు కూడా ఒకసారి దిగి మళ్లీ లేస్తుంది. తేదీ చెప్పే రక్తపరీక్ష మాత్రం లేదు. ఎవరినుంచి ఎవరికి వచ్చిందో వైరస్ జన్యువుల్ని పోల్చి చూస్తారని మీవారు ఎక్కడైనా చదివి అడగొచ్చు. పోల్చాలంటే రెండో వైరస్ కావాలి. ఆయన దగ్గర అది లేదు.

అన్నట్టు, ఆయన నెగటివ్ ఇంకా పూర్తి నెగటివ్ కాదు. మీ రిపోర్టు వచ్చే రెండు రోజుల ముందు వరకూ మీరు మామూలుగానే ఉన్నామని రాశారు. సోకినా పరీక్షలో కనపడని రోజులు కొన్నుంటాయి. ల్యాబ్‌లో చేసే కొత్త రకం పరీక్షకు 45 రోజుల దాకా, వేలి చుక్కతో చేసేదానికి 90 రోజుల దాకా పడుతుంది. కాబట్టి మూడు నెలలకు ఆయన ఇంకోసారి చేయించుకోవాలి. ఆ లోపు కండోమ్ తప్పదు. ఆయన నెగటివ్‌గానే ఉండిపోవడానికి రోజూ వేసుకునే ప్రెప్ మాత్రలు కూడా ఉన్నాయి, మీ మందు పూర్తిగా పనిచేసేదాకా వాడే పద్ధతి.

మీ మందు పనిచేశాక పరిస్థితి వేరు. దీని గురించి ఆయనకు ఎవరో ఒకరు చెప్పి తీరాలి. రోజూ మాత్ర పడితే చాలామందికి ఆరు నెలల్లోపే రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తక్కువకు వస్తుంది. అలా వచ్చినవాళ్ల నుంచి భాగస్వామికి సోకుతుందా అని ఐరోపాలో 14 దేశాల్లో ‘పార్ట్‌నర్’ అనే అధ్యయనం చేశారు. ఒకరికి ఉండి ఒకరికి లేని జంటలవి. మొదటి విడత ఫలితాలు 2016లో వచ్చాయి. కండోమ్ లేకుండా దాదాపు 58,000 కలయికలు. భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటీ లేదు. రెండో విడత గే జంటల మీద చేశారు, 2019లో వచ్చింది. అక్కడా సున్నాయే. ఆ జంటల్లో కొందరు నెగటివ్ వాళ్లకు అధ్యయనం మధ్యలో వైరస్ వచ్చింది. జన్యువులు పోల్చి చూస్తే ఒక్కటీ ఇంట్లోవాళ్లది కాదు, అన్నీ బయటివే. రేపు మీకు ఇంకో బిడ్డ కావాలనిపించినా అడ్డు లేదు. గర్భానికి ముందే వైరస్ అణిగి ఉండి, మందు ఆపకుండా వాడితే బిడ్డకు సోకే అవకాశం నూటికి ఒకటి కంటే తక్కువ.

ఇప్పుడు ఆ పోస్టర్ దగ్గరికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది అదే.

మీవారు వేలు పెట్టి అడిగిన ప్రశ్న కొత్తదేమీ కాదు. 1981 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో అయిదుగురు యువకులకు అరుదైన న్యుమోనియా వచ్చిందని అమెరికా వైద్య బులెటిన్‌లో పడింది. అయిదుగురూ గే పురుషులు. అంతే, అది గేలకు వచ్చే జబ్బు అయిపోయింది, మొదట దానికి పెట్టిన పేరు కూడా అలాంటిదే. తర్వాత హెరాయిన్ సూదులు వాడేవాళ్లలో, రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా జబ్బు ఉన్నవాళ్లలో, హైతీ నుంచి వచ్చినవాళ్లలో కనిపించింది. గేలను హోమోసెక్సువల్ అంటే, ఇంగ్లీషులో ఈ నాలుగు మాటలూ ఒకే అక్షరంతో మొదలవుతాయి కాబట్టి నాలుగు ‘హెచ్’లు అని నోటికి తిరిగే మాట పుట్టింది. హైతీలో పుట్టడమే ఒక వైరస్ అయినట్టు, ఆ దేశస్థులను రక్తం ఇవ్వొద్దన్నారు. న్యూయార్క్‌లో వాళ్లు వేల సంఖ్యలో వీధుల్లోకి వచ్చి గొడవ చేశాక 1990లో గానీ ఆ నిషేధం పోలేదు. ఇంతకీ, ఈ జాబితాలు రాస్తున్న రోజులకు చాలా ముందే మధ్య ఆఫ్రికాలో ఆ వైరస్ ఆడా మగా మధ్య దశాబ్దాలుగా పాకుతూ ఉంది. 1959లో కిన్షాసాలో తీసిన ఒక రక్తనమూనాలో అది తర్వాత దొరికింది.

అంటే ఆ పోస్టర్ అబద్ధమా అంటే, కాదు. పోస్టర్‌లో మొదటి నాలుగు బొమ్మల్లో ఉన్నవాళ్లకూ వాళ్ల భాగస్వాములకూ కలిపి ప్రపంచంలో కొత్తగా సోకుతున్న కేసుల్లో సగానికి పైగా వస్తున్నాయని ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం అంచనా. ఇది దాచాల్సిన సంగతి కాదు. దాచితే వాళ్లకు అందాల్సిన మందులు, కండోమ్‌లు, శుభ్రమైన సూదులు అందవు. ఎందుకు ఎక్కువ అన్నదే అర్థం చేసుకోవాలి. ఆసన మార్గంలో స్వీకరించే భాగస్వామికి పదివేలకు 138 సార్లు సోకుతుంది, మామూలు కలయికలో స్త్రీకి ఉన్న ముప్పు కంటే పదిహేడు రెట్లు. ఆ పొర పలచన, అంతే, ఇందులో నీతి ఏమీ లేదు. సూది పంచుకుంటే పదివేలకు 63. దానికితోడు చిన్న గుంపులో అందరూ అందరికీ తెలిసినవాళ్లే అయితే, ఒకరికి కొత్తగా సోకిన ఆ మొదటి వారాల్లోనే నలుగురికి చేరిపోతుంది. జేబులో సిరంజి, పర్సులో కండోమ్ దొరికితే పోలీసులు పట్టుకుంటారన్న భయం ఉన్నచోట ఇది ఇంకా పెరుగుతుంది. ఆ భయం వైరస్‌కు చేసినంత సాయం ఇంకేదీ చేయలేదని నా అభిప్రాయం.

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో స్కాట్ కౌంటీ అని ఒక పల్లె ప్రాంతం ఉంది. అక్కడ ఏడాదికి అయిదు కేసులు కూడా వచ్చేవి కావు. నొప్పి మాత్రలు నూరి సూదితో ఎక్కించుకునే అలవాటు పాకి, ఉన్న నాలుగు సూదులే చేతులు మారుతూ, 2015 కల్లా 180 మందికి పైగా సోకింది. శుభ్రమైన సూదులు పంచడం మొదలుపెట్టాక అదుపులోకి వచ్చింది. సూది వాడేవాళ్లు పోస్టర్‌లో ఉన్నారు, నిజమే, కానీ అలాంటి పల్లెను ఎవరూ బొమ్మ గీయలేదు. చైనాలోని హెనాన్ రైతులైతే ఏ పోస్టర్‌లోనూ లేరు. 1990లలో వాళ్లు డబ్బు కోసం ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, అమ్మేవాళ్లు. ప్లాస్మా తీసుకుని, మిగిలిన ఎర్ర కణాలను పదిమందివీ ఒకేచోట కలిపి మళ్లీ వాళ్లకే ఎక్కించారు. ఊళ్లకు ఊళ్లే సోకాయి. 2014 చివర కంబోడియాలో రోకా అనే చోట, లైసెన్సు లేని వైద్యుడు వాడిన సిరంజిలే మళ్లీ వాడటంతో 200 మందికి పైగా వచ్చింది. అందులో ముసలివాళ్లు, పసిపిల్లలు కూడా ఉన్నారు. వేలు పెట్టి చూపించడానికి వాళ్లకు ఏ బొమ్మ గీస్తాం?

పెళ్లైన ఆడవాళ్లదీ ఇదే కథ. మన దేశంలో 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సాలమన్ బృందం మొదటి కేసులు కనిపెట్టింది సెక్స్ వర్కర్లలో. ఆ తర్వాత చాలాకాలం అందరి చూపూ అక్కడే ఆగింది. 1993–96 మధ్య పుణెలో సుఖవ్యాధుల క్లినిక్కులకు వచ్చిన, సెక్స్ వర్కర్లు కాని స్త్రీలను పరీక్షిస్తే నూటికి దాదాపు 14 మందికి ఉంది. వాళ్లలో ఎక్కువమంది భర్త తప్ప మరో మనిషిని ఎరగనివాళ్లు. దక్షిణాఫ్రికాలో క్వాజులు-నటాల్‌లో వైరస్ జన్యువులు పోల్చి చూస్తే ఒక చక్రం బయటపడింది. పాతికేళ్లలోపు అమ్మాయిలకు తమకంటే సగటున ఎనిమిదేళ్లకు పైగా పెద్దవాళ్లైన మగవాళ్ల నుంచి వస్తోంది. ఆ మగవాళ్లకు తమ ఈడు ఆడవాళ్ల నుంచి. ఆ ఆడవాళ్లు ఎవరంటే, కొన్నేళ్ల కిందట ఆ అమ్మాయిల్లాంటివాళ్లే. ఇవాళ ప్రపంచంలో హెచ్‌ఐవీతో బతుకుతున్న సుమారు నాలుగు కోట్ల మందిలో సగానికి పైగా స్త్రీలు, ఆడపిల్లలు.

కాబట్టి "ఈ లిస్టులో నువ్వెవరు?" అంటే మీ దగ్గర జవాబు లేకపోవడం తప్పు కాదు. పోస్టర్ ఎవరికి ముందు సాయం అందాలో చెప్పడానికి గీసింది. మీవారు దాన్ని ముద్దాయిల వరసలా చదివారు.

మరి మీకెలా వచ్చింది? దాటవేయకుండా చెబుతాను. మీరు చెప్పినవి మూడు దారులు. చిన్నప్పటి రక్తం: వైరస్ ఉన్న రక్తం ఎక్కితే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా సోకుతుంది, అది నిజం. కానీ రక్తాన్ని పరీక్షించడం 1985 నుంచే ఉంది. పైగా 23 ఏళ్లు మందు లేకుండా 310 కౌంటుతో, ఏ జబ్బూ లేకుండా ఉండటం అరుదు. అసాధ్యం అనను. క్లినిక్ ఇంజెక్షన్లు: సూది మీ ముందే కవరు చించి తీశారా లేదా మీకు గుర్తు లేదు. పాత సంబంధం: ఏడెనిమిదేళ్ల కిందటిది, రెండేళ్ల పాటు, కండోమ్ లేకుండా. కౌంటుకూ కాలానికీ బాగా సరిపోయేది ఇదేనని మీకూ తెలుసు. అందుకే ఆ పేరా కొట్టేసి మళ్లీ రాశారు.

వీటన్నిట్లో తేదీ ఉన్న కాగితం ఒక్కటే, మీ గర్భం నాటి రిపోర్టు. చాలాచోట్ల గర్భిణులకు హెచ్‌ఐవీ పరీక్ష మామూలుగానే చేస్తారు. ఫైలు పోయినా ఆస్పత్రి రికార్డులో ఉండొచ్చు. అడిగే ముందు ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. అప్పుడు నెగటివ్ అని ఉంటే పాత సంబంధం, చిన్నప్పటి రక్తం రెండూ పక్కకు పోతాయి. పాపకు ముప్పు కూడా బాగా తగ్గుతుంది. క్లినిక్ మీద అనుమానం బలపడుతుంది, అప్పుడు ఆరోగ్యశాఖకు చెప్పాల్సిన బాధ్యత కూడా వస్తుంది, ఎందుకంటే అక్కడ సెలైన్ పెట్టించుకుంది మీరొక్కరే కాదు. అదే కాగితం మీవారి "ఈమధ్యే" అన్న మాటకు కూడా బలమిస్తుంది. దానికి సిద్ధపడి అడగండి. అసలు పరీక్షే చేయలేదని తేలితే ఉన్నచోటే ఉంటాం.

ఇక ఆ అబద్ధం. రక్తం వల్లే వచ్చిందని చెప్పేస్తే ఇల్లు చల్లబడుతుందని మీ ఆశ. చల్లబడొచ్చు కూడా. ఆ మాట చెప్పి కాపురాలు నిలబెట్టుకున్నవాళ్లు లేకపోలేదు, వాళ్లను తప్పుబట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ ఆ అబద్ధాన్ని పోషించాలి. ఏ ఆస్పత్రి, ఏ సంవత్సరం, మీ అమ్మానాన్నలను అడుగుదాం పద అంటే వాళ్లనూ అందులోకి లాగాలి. ఇంకో సంగతి. అమెరికాలో ర్యాన్ వైట్ అనే కుర్రాడికి హీమోఫీలియా మందు ద్వారా హెచ్‌ఐవీ వచ్చిందని 13 ఏళ్లప్పుడు తేలింది. బడికి రానివ్వలేదు. పాపం ఏ తప్పూ చేయని పిల్లాడు అని పత్రికలు రాస్తే, మిగతా రోగులకు తాను వేరేమీ కాదన్నట్టే మాట్లాడేవాడు. 1990లో, 18 ఏళ్లకే చనిపోయాడు. రక్తం వల్ల వస్తే అమాయకురాలు, మనిషి వల్ల వస్తే దోషి అని మీ నోటితో మీరే ఒప్పుకుంటే, రేపెప్పుడైనా ఆ రెండో మాట బయటపడిన రోజున మిమ్మల్ని కాపాడేదేమీ మిగలదు.

నిజం మొత్తం చెప్పడం రెండో దారి. పెళ్లికి ముందు జరిగింది, మీరు ఆయన్ను మోసం చేయలేదు. కొందరు మగవాళ్లకు ఈ నిజం "ఈమధ్యే" అన్న అనుమానం కంటే తేలిక, ఎందుకంటే కాపురంలో ద్రోహం జరగలేదని తెలుస్తుంది. కొందరికి అదే ఆయుధం. మీవారు ఏ రకమో నాకు తెలియదు, ఆరేళ్ల కాపురంలో మీకు తెలిసి ఉంటుంది. చేయి చేసుకునే మనిషైతే, ఇల్లు వదలాల్సి వస్తే పాపతో ఎక్కడికి వెళ్లాలో ఏర్పాటు లేకుండా చెప్పకండి. చెబితే కౌన్సెలర్ గదిలో, మూడో మనిషి ఉండగా చెప్పడం మేలు.

మూడో దారి, "నీతో పెళ్లయ్యాక నాకు వేరే ఎవరూ లేరు. ఇది ఎప్పుడొచ్చిందో ఏ డాక్టరూ కచ్చితంగా చెప్పలేడు. అంతకు మించి ఇప్పుడు మాట్లాడే ఓపిక లేదు" అనడం. ఇందులో ఒక్క అబద్ధం లేదు. ఆయన మళ్లీ మళ్లీ అడుగుతాడు, అది భరించాలి. కానీ ఆయన ఆరోగ్యానికి తెలియాల్సిందేదీ మీరు దాచినట్టు కాదు. మీకు వైరస్ ఉందని ఆయనకు తెలుసు, తన పరీక్ష తను చేయించుకుంటున్నాడు. మీ పాత స్నేహం ఆయన రక్తానికి సంబంధించిన సమాచారం కాదు. నా మొగ్గు ఈ దారి వైపే, మూడు నెలల టెస్టు అయ్యేదాకానైనా. ఆ లోపు విడిపోవడమా కలిసుండటమా అన్నది ఇద్దరూ తేల్చుకోకపోవడం మంచిది. భయంలో ఉన్నవాళ్లు రాసే తీర్పులవి.

కంచం, గ్లాసు గురించి ఎక్కువ చెప్పను. ఎంగిలితో, ముద్దుతో, బాత్‌రూమ్‌తో, దోమకాటుతో ఇది రాదు. పాపను కడుపారా ముద్దు పెట్టుకోండి. అత్తగారికి మీరు చెబితే వినరు. ఒకసారి కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లండి, ఆ మాట తెల్లకోటు వేసుకున్నవాళ్లు చెబితే చెవికెక్కుతుంది. అది అన్యాయమే, ఏం చేస్తాం.

చివరగా, మీరు అడగని సంగతి. ఆ పాత మనిషి. ఆయన మీద మీకు ఎంత కోపముందో ఉత్తరంలో కనిపిస్తోంది. ఆయనకు తెలిసే చేశాడని అనుకుంటున్నారు. తెలియకపోయి ఉండొచ్చు, ఏళ్ల తరబడి ఏ లక్షణమూ ఉండదు. అసలు ఆయనకు లేకపోనూ వచ్చు. పెళ్లి చేసుకున్నాడని, పిల్లలున్నారని విన్నానన్నారు. ఆయనకు ఉంటే ఆ ఇంట్లో ఒక ఆవిడ, మీరు ఆపరేషన్‌కు వెళ్లిన రోజులాగే, ఏమీ తెలియకుండా తిరుగుతోంది. మీరు స్వయంగా ఫోన్ చేయనక్కర్లేదు. మీ ఇద్దరికీ తెలిసిన స్నేహితురాలి ద్వారా కబురు పంపాలని కూడా అనుకోకండి, ఆ కబురు రెండిళ్లకూ చేరుతుంది. పరీక్ష చేసిన కేంద్రంలో కౌన్సెలర్‌ను అడగండి. చాలాచోట్ల మీ పేరు చెప్పకుండా, "మీరు ఒకసారి హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోవడం మంచిది" అని వాళ్లే అవతలివాళ్లకు తెలియజేసే ఏర్పాటు ఉంటుంది. ఎప్పుడు, ఎవరి ద్వారా అన్నది ఆయన ఊహించగలడేమో కూడా ముందే మాట్లాడుకోండి. ఇవాళే చేయాలని లేదు. ముందు పాప టెస్టు, ఆ సీసా.